కాపలా: విమాన ప్రమాదం తర్వాత ఒక కో-పైలట్ అక్కతో 14 నెలలు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసినదంతా చదివి రెండు వాక్యాలు తీసేయమంటే తీసేశాను. విమాన సంస్థ పేరు, దేశం, తేదీ, విమానం రకం, మృతుల సంఖ్య ఇందులో ఉండవు. కుటుంబంలో వయసులు, ఉద్యోగాలు, కొన్ని బంధుత్వాలు మార్చాను. నేను ఏ దశలో ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నానో, అందులో ఏది బెడిసికొట్టిందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పెద్ద ప్రమాదాల తర్వాత కుటుంబాలతో కౌన్సెలర్‌గా పనిచేయడం నాకు కొత్త కాదు. కానీ అంతవరకు నా దగ్గరికి వచ్చినవాళ్లంతా ప్రయాణికుల తరఫువాళ్లే. విమానం నడిపినవాళ్ల ఇంటి మనిషి రావడం అదే మొదటిసారి. అందరూ పోయింది ఒకే విమానంలో. అయినా కొన్ని ఇళ్లకు జనం ఓదార్చడానికి వస్తారు, ఒకటి రెండు ఇళ్లకు ప్రశ్నలు వేయడానికి వస్తారు. ఆ తేడా వల్ల చికిత్స ఎంత మారాలో నాకు ముందు తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు 40 దాటాయి. భర్త, 16 ఏళ్ల కొడుకు, పెద్దవయసు తల్లి ఉన్నారు. తండ్రి చాలా ముందే పోయారు. తమ్ముడు ఆమె కంటే 12 ఏళ్లు చిన్న. వాడి స్కూలు ఫీజు దగ్గర నుంచి పైలట్ శిక్షణకు తీసుకున్న అప్పు దాకా చూసుకున్నది ఆమే. ఆ రోజు అతను ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే మనం మామూలుగా కో-పైలట్ అనే సీట్లో ఉన్నాడు. సిబ్బందిలో ఎవరూ బతకలేదు.

ప్రమాదం జరిగిన గంటలోపే కొన్ని సెకన్ల వీడియో ఒకటి బయటికొచ్చింది. రెండో గంటకల్లా ఆ వీడియోకు వివరణలు మొదలయ్యాయి. సాయంత్రానికి కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరి పేర్లు, ఫోటోలు, కో-పైలట్‌కు ఎన్ని గంటల అనుభవం ఉందన్న లెక్క ఫోన్ల నిండా తిరిగాయి. 'అనుభవం లేనివాడి చేతిలో పెట్టారు' అన్న మాట అక్కడే పుట్టింది. మర్నాడు అతని పాత ఫోటోల్లోంచి ఒకటి వెతికి తీశారు. ఎప్పుడో రెండేళ్ల కిందట స్నేహితుల పార్టీలో చేతిలో గ్లాసుతో నవ్వుతున్న ఫోటో. మూడో రోజు కాక్‌పిట్‌లోని చివరి మాటలంటూ ఒక ఆడియో వచ్చింది. అప్పటికి కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ ఇంకా శిథిలాల్లోంచి బయటికే రాలేదు. గొంతు తమ్ముడిది కాదని ఆమెకు మొదటి సెకనులోనే తెలిసిపోయింది. అయినా ఆ రాత్రి దాన్ని నలభై సార్లు విన్నానని చెప్పింది.

ఇలా ఊహించేవాళ్లందరూ రాతి గుండెవాళ్లని నేను అనుకోను. వచ్చే వారం విమానం ఎక్కాల్సిన మనిషి కూడా ఆ గుంపులో ఉంటాడు. కారణం తెలియని ప్రమాదం తనకూ జరగొచ్చు. ఎవరిదో తప్పని తేలిపోతే తనకు జరగదన్న ధైర్యం దొరుకుతుంది. వదంతి ఎంత బలంగా పాకుతుందన్నది విషయం ఎంత ముఖ్యమైనది, ఎంత అస్పష్టంగా ఉంది అనే రెండింటి మీద ఆధారపడుతుందని ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లోనే చెప్పారు. విమాన ప్రమాదంలో మొదటి కొన్ని వారాలు ఈ రెండూ శిఖరాన ఉంటాయి. దర్యాప్తు మాత్రం తన నడకే నడుస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లోని అనుబంధం 13 ప్రకారం ప్రాథమిక నివేదికకు 30 రోజుల గడువు. తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలి, రాకపోతే ప్రతి వార్షికానికి ఒక మధ్యంతర ప్రకటన ఇవ్వాలి. జనం 30 గంటలు కూడా ఆగలేరు. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరి పేరు వచ్చి పడుతుంది. తిరిగి జవాబు చెప్పలేని మనిషి పేరైతే ఇంకా సులువు.

ఆమె చెప్పిన సమస్య

పన్నెండో రోజున వాళ్ల ఫ్యామిలీ డాక్టర్ పంపితే వచ్చింది. కూర్చోగానే అన్న మొదటి మాట, "నిద్ర రావట్లేదు మేడం. మాత్ర ఏదైనా ఇప్పిస్తే చాలు." తమ్ముడి ప్రస్తావన పదిహేను నిమిషాల దాకా రాలేదు.

అడిగితే తేలింది ఇది: రాత్రికి మూడు గంటల నిద్ర. రోజుకు తొమ్మిది, పది గంటలు ఫోన్ మీదే. గుండెల్లో బిగుసుకుపోయినట్టు ఉంటోంది, ఈసీజీలో ఏమీ లేదు. డీఎన్‌ఏ పరీక్షల తర్వాత తమ్ముణ్ని అప్పగించినప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. "మా అత్తగారు కూడా అడిగారు, పిల్లాడికి ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అని. బయటివాళ్లు అంటే సరే మేడం. ఇంట్లోవాళ్లు కూడా..." అని ఆగిపోయింది.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను. "వాడి దగ్గరికి వెళ్లి అసలేం జరిగిందో అడగాలనిపిస్తుంది. కానీ నేను పోతే అమ్మను ఎవరు చూస్తారు?" అంది. ప్రాణాపాయం వెంటనే లేదని అనిపించింది. అయినా రాత్రిపూట ఎవరు తోడుండాలి, ఎలాంటి మాట వినిపిస్తే నాకు ఫోన్ చేయాలి అన్నది భర్తతో కూర్చుని రాసుకున్నాం. ఇలాంటి మాటను మామూలు దుఃఖంగా వదిలేయకూడదు.

ఆ రోజు ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాను. ప్రమాదవార్త విన్న క్షణం నుంచి జరిగినదంతా చెప్పించే పని పెట్టుకోలేదు. ఘటన జరిగిన కొత్తలో ఒకే విడతలో అంతా కక్కించడం మేలు చేయదని మా రంగంలో చాలా ఏళ్లుగా తెలుసు. ముందు నిద్ర, తిండి, శరీరం. మిగతాది తర్వాత.

ఫలించనివి

మొదటిది ఫోన్. బోస్టన్ మారథాన్ బాంబు దాడుల తర్వాత అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, దాడి జరిగిన చోట స్వయంగా ఉన్నవాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. అది నా బుర్రలో ఉంది. తొమ్మిది గంటలని ఆమె చెప్పగానే ఇదే మూలమని తీర్మానించుకున్నాను. రోజుకు అరగంట చాలు, ఆ యాప్‌లు తీసేయండి, రాత్రి ఫోన్ మీవారి దగ్గర పెట్టండి అని చెప్పాను. ఆమె బుద్ధిగా తల ఊపింది.

నాలుగు రోజులకు భర్త ఫోన్ చేశాడు. ఆమె కొడుకు ఫోన్ తీసుకుని బాత్రూంలో కూర్చుంటోందట. నిద్ర రెండు గంటలకు పడిపోయింది. తర్వాతి సెషన్‌లో ఎందుకు చూస్తున్నారని అడిగాను. నిజానికి ఆ ప్రశ్న మొదటిరోజే అడగాల్సింది. "నేను చూడకపోతే వాడి తరఫున అక్కడ ఎవరున్నారు మేడం? వాణ్ని ఒక్కణ్నే ఆ గుంపులో వదిలేసి నేను పడుకోవాలా?" అంది.

నేను దాన్ని వ్యసనం అనుకున్నాను. ఆమె చేస్తున్నది కాపలా. ఇంట్లో జ్వరంతో పడుకున్న పిల్లాడి మంచం పక్కన కూర్చున్న మనిషిని లేచి వెళ్లి పడుకో అంటే లేస్తుందా? నేను చెప్పింది ఆమెకు అలాగే వినిపించింది. అధ్యయనం తప్పేమీ కాదు. దాన్ని ఈ మనిషికి అతికించడంలో తొందరపడింది నేను.

రెండో పొరపాటు ఇంకా బరువైనది. కాపలా కాయాలనుకుంటోంది కదా, మరి మౌనంగా ఎందుకు కాయాలి, తన గొంతుతో ఒక మాట చెప్తే బరువు దిగుతుందేమో అనుకున్నాను. ఆలోచన ఆమెదే, కానీ నేను ఊతమిచ్చాను. తమ్ముడి గురించి ఇరవై లైన్లు రాసింది. చాలా మర్యాదగా, చాలా ప్రేమగా రాసింది. అందులో ఒక వాక్యం ఉంది: 'ఆ వారం నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయని, అయినా ఇష్టంగానే వెళ్తున్నానని చెప్పాడు.' నేను చదివాను. నాకు ఆ వాక్యంలో ఇష్టమే కనిపించింది.

జనానికి నైట్ డ్యూటీలు కనిపించాయి. రెండు గంటల్లో స్క్రీన్‌షాట్లు తిరిగాయి. 'కో-పైలట్ నిద్రపోయాడా? అక్క ఒప్పుకోలు' అని ఒక థంబ్‌నెయిల్. పోస్ట్ తీసేస్తే 'ఎందుకు తీసేసింది?' అని ఇంకొకటి. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసి అన్నది ఒకే మాట: "వాళ్లకు ఆయుధం నేనే ఇచ్చాను."

నా సూపర్‌వైజర్‌తో ఈ విషయం మాట్లాడాను. నాకు దొరికిన సమాధానం చాలా సాదా. సిబ్బంది గత మూడు రోజుల నిద్ర, డ్యూటీలు, ఆరోగ్యం గురించి దర్యాప్తు అధికారులు కుటుంబాన్ని మామూలుగానే అడుగుతారు. ఆ వాక్యం చెప్పాల్సిన చోటు అది. అక్కడ అది వందల వివరాల్లో ఒక వివరంగా నమోదవుతుంది. బయట అదే వాక్యం తీర్పు అయిపోయింది. తర్వాత ఆమె దర్యాప్తు బృందానికి అదే మాట చెప్పింది, వాళ్లు తేదీలతో సహా రాసుకున్నారు. ముందే ఆ దారి చూపించి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

మూడోది నేను ఆపగలిగాను, అదీ సగమే. కొడుకు ఎక్కడో చదివి వాళ్లమ్మకు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల సంగతి చెప్పాడు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది పోయినప్పుడు పైలట్ల నైపుణ్యం మీద చాలా మాటలు వచ్చాయి. 2019 మార్చిలో ఇథియోపియాలో అదే రకం విమానం కూలి 157 మంది పోయాక, ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒక సెన్సర్ తప్పుడు లెక్కతో ముక్కును కిందికి నెట్టిందన్నది ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుంది. "చూశారా, వీడిదీ అంతే. విమానందే తప్పు."

అవును అనడం చాలా సులువు. ఆమెకు ఒక్క రాత్రి నిద్ర పట్టేది కూడా. కానీ నివేదిక వేరేగా వస్తే ఆ అవును నా నోటి నుంచి వచ్చిన అబద్ధంగా మిగులుతుంది. కెగ్‌వర్త్ సంగతి చెప్పాను. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లో ఒక విమానం ఎడమ ఇంజిన్ దెబ్బతింటే, సిబ్బంది బాగున్న కుడి ఇంజిన్ ఆపేశారు. 47 మంది చనిపోయారు. మొదటి రోజుల్లో కెప్టెన్‌ను హీరో అన్నారు. తర్వాత తప్పు ఇంజిన్ సంగతి బయటపడింది. ఆ తర్వాత నింపాదిగా వచ్చిన దర్యాప్తు, ఆ తప్పు జరగడానికి వెనక ఉన్న పరికరాల అమరిక, శిక్షణలోని లోపాల దాకా వెళ్లింది. తొలిరోజుల మాట పొగిడినా తిట్టినా నిలబడదని చెప్పడం నా ఉద్దేశం.

"అంటే మీరు కూడా వాడి తప్పు ఉండొచ్చు అంటున్నారు" అంది.

"నాకు తెలియదమ్మా. ఇప్పటికి ఎవరికీ తెలియదు."

లేచి వెళ్లిపోయింది. తర్వాతి సెషన్‌కు రాలేదు. ఆ నాలుగు రోజులు నేను కూడా సరిగా నిద్రపోలేదు. నిజం చెప్పడంలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ పోస్ట్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న వారంలో చెప్పడం తొందరే.

పనిచేసినవి

ప్రమాదం జరిగిన 25వ రోజున తనే వచ్చింది. "మీ మీద బాగా కోపం వచ్చింది మేడం. కానీ ఇన్ని వేల మంది మాట్లాడుతుంటే తెలియదు అన్నది మీరొక్కరే. ఆ తెలియదు ఎక్కడ మొదలవుతుందో చూద్దామనిపించింది."

ఆ మాటలోంచే నోట్‌బుక్ పుట్టింది. పేజీకి మూడు గళ్లు గీశాం. మొదటిది తెలిసింది, అంటే దర్యాప్తు సంస్థ అధికారికంగా చెప్పింది మాత్రమే. రెండోది ఇంకా తెలియనిది. మూడోది ఎవరో అన్నది. ఫోన్‌లో చూసిన ప్రతి మాటనూ చేత్తో రాసి ఏదో ఒక గడిలో వేయాలి. చదవొద్దని చెప్పలేదు. చేత్తో రాయమనడానికి ఒక కారణం ఉంది. వేలితో జరిపే వేగానికి చేతిరాత అందుకోలేదు, కాబట్టి వేగం దానంతట అదే తగ్గుతుంది. వారం తిరిగేసరికి మూడో గడి 14 పేజీలైంది. మొదటి గడిలో ఐదు లైన్లు: విమానం నంబరు, బయల్దేరిన సమయం, చివరి సంకేతం అందిన సమయం, రెండు రికార్డర్లు దొరికాయన్న మాట, వాటిని చదువుతున్నారన్న మాట. ఆమె ఆ ఐదు లైన్ల మీద వేలు పెట్టి, "ఇంతే కదా మేడం అసలు ఉన్నది" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే చెవికెక్కేది కాదు.

ఇక కాపలా సంగతి. దాన్ని మాన్పించే ప్రయత్నం వదిలేసి, షిఫ్ట్ మార్చే ప్రయత్నం మొదలుపెట్టాను. ఆమె పిన్ని కొడుకు ఒకతను ఉన్నాడు, నిదానస్తుడు, తమ్ముడితో కలిసి పెరిగినవాడు. అతన్ని పిలిచి ముగ్గురం కూర్చున్నాం. ఇకనుంచి అతను చూస్తాడు. మూడు విషయాలే ఆమెకు చెప్పాలి: కుటుంబానికి బెదిరింపు ఏదైనా వస్తే, ఇంటి చిరునామా, సొంత పత్రాలు ఏవైనా బయటపడితే, దర్యాప్తు సంస్థ నుంచి అధికారిక మాట ఏదైనా వస్తే. మిగతావన్నీ తేదీతో, స్క్రీన్‌షాట్‌తో దాచిపెట్టాలి. రోజూ సాయంత్రం ఏడింటికి పది నిమిషాల ఫోన్. ఆమె ఒక షరతు పెట్టింది, దాచినవి చెరపకూడదని, తను ఎప్పుడు అడిగినా చూపించాలని. వెంటనే ఒప్పుకున్నాం. ఆ హామీ లేకపోతే ఆమె లోపల కాపలా దిగదు. ఆ తర్వాత మూడు నెలల్లో ఆమె దాచినవి అడిగింది ఒక్కసారే.

మొదటి వారంలోనే నిద్ర ఐదు గంటలకు పెరిగింది. నేను చూసుకోనిది ఒకటి ఉంది: ఆ విషమంతా ఇప్పుడు ఆ అబ్బాయి తాగుతున్నాడు. మూడో వారానికి అతను భార్య మీద కసురుకుంటున్నాడని తెలిసింది. అప్పుడు ఇంకో బంధువును కలిపి వారం వారం మార్చుకునేలా చేశాం. షిఫ్ట్ అని పేరు పెట్టినప్పుడే ఆ సంగతి నాకు తట్టాల్సింది.

కొడుకు సంగతి కూడా చెప్పాలి. దొంగ పేరుతో అకౌంట్లు తెరిచి రాత్రి రెండింటి దాకా మామయ్య తరఫున గొడవపడుతున్నాడు. క్లాసులో ఎవరో సిమ్యులేటర్ గేమ్‌లో తయారుచేసిన ప్రమాదం వీడియో చూపించి నవ్వారట. వాడితో రెండు సెషన్లు వేరే సహోద్యోగి చేశారు. వాడికి కావలసింది కోపం వెళ్లే దారి. స్కూల్లో ఒక టీచర్‌కు విషయం చెప్పి, ఆ వీడియో క్లాసులో తిరగకుండా ఆపించారు. పెద్దవాళ్లలో ఒకరు తన తరఫున నిలబడ్డారని చూశాక వాడు మూడు అకౌంట్లూ తనే మూసేశాడు.

ప్రాథమిక నివేదిక రోజుకు ముందే ఏర్పాటు చేసుకున్నాం. సంస్థ తరఫున కుటుంబంతో మాట్లాడే వ్యక్తి ద్వారా వచ్చే సమయం ముందుగా కనుక్కున్నాం. ఫోన్‌లో కాకుండా కాగితం మీద, నా గదిలో, ఆ పిన్ని కొడుకు పక్కన ఉండగా చదవాలని. ముందే ఒక సంగతి గట్టిగా చెప్పాను: అనుబంధం 13 ప్రకారం ఈ దర్యాప్తు ఏకైక ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరక్కుండా చూడటం, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. ప్రాథమిక నివేదికలో కారణమే ఉండకపోవచ్చు. మీ తమ్ముడు నిర్దోషి అనే వాక్యం కోసం వెతికితే అది కనబడదు, దోషి అనే వాక్యమూ కనబడదు.

అలాగే వచ్చింది. కానీ ఒక పేరా ఉంది. కాక్‌పిట్‌లో ఒక హెచ్చరిక మోగిన తర్వాత సిబ్బంది మొదటి చర్యకు 9 సెకన్లు పట్టిందని. మధ్యలో ఇద్దరూ మాట్లాడారు, ఎవరు ఏమన్నారో అందులో విడదీయలేదు.

ఆ సాయంత్రానికి లోకమంతా 9 సెకన్లే. ఆమె అవేవీ చూడలేదు. మేం సంతోషపడ్డాం. రెండు వారాల తర్వాత కొడుకు చెప్పాడు, అమ్మ రాత్రుళ్లు చీకట్లో కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటోందని. 9 దగ్గర ఆపుతుంది. మళ్లీ మొదలుపెడుతుంది.

బయటి ఊహాగానం ఆగినా, అదే ప్రశ్న ఆమె లోపలికి వచ్చి కూర్చుంది. ఇది నేను ఊహించలేదు. గదిలో స్టాప్‌వాచ్ బల్ల మీద పెట్టి, ఒక్కో సెకనులో వాళ్లకు ఏం తెలిసి ఉంటుందో చెప్పమన్నాను. మూడో సెకను దగ్గర ఆగిపోయింది. "నాకు చివర ఏమైందో తెలుసు కాబట్టి నేను వాళ్లలాగా ఆలోచించలేకపోతున్నాను" అంది. జరిగిపోయిన తర్వాత ముందే తెలిసినట్టు అనిపించే ఈ భ్రమను ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లో ప్రయోగాలతో చూపించారు. ఆ పేరేదీ ఆమెకు చెప్పలేదు, తనే పట్టుకుంది కదా. 2009 జనవరిలో పక్షులు తగిలి ఇంజిన్లు దెబ్బతిని న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన విమానం సంగతి మాత్రం చెప్పాను. 155 మందీ బతికారు. తర్వాత సిమ్యులేటర్లో వెంటనే వెనక్కి తిప్పిన పైలట్లలో కొందరు రన్‌వే చేరగలిగారు. జరిగింది అర్థం చేసుకుని నిర్ణయించుకోవడానికి 35 సెకన్లు కలిపి చూసేసరికి చేరలేకపోయారు.

"అయితే 9 సెకన్లు తక్కువేనా?"

"అదీ నాకు తెలియదు. అది వేరే విమానం, వేరే పరిస్థితి."

ఈసారి లేచి వెళ్లలేదు. చాలాసేపు స్టాప్‌వాచ్ వైపు చూసి, చిన్నగా అడిగింది: "ఆ 9 సెకన్లలో వాడికి భయమేసి ఉంటుందా మేడం?"

ప్రమాదం జరిగాక ఆమె మొదటిసారి ఏడ్చింది అప్పుడే. గంటసేపు ఏడ్చింది. నేనేమీ మాట్లాడలేదు.

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనది ఆ ప్రశ్న. ఏడు వారాలుగా తప్పు చేశాడా లేదా అన్న వాదన ఇంట్లో, బయట, ఆమె తలలో నడుస్తూనే ఉంది. భయపడ్డాడా అని అడిగే సందే దొరకలేదు. జనం చేసిన ఊహాగానం ఆమె తమ్ముడి పేరుతో పాటు, తమ్ముడి కోసం ఏడ్చే తీరికను కూడా లాగేసుకుంది. అతను అందరికీ పైలట్ అయ్యాడు, చివరికి ఆమెకు కూడా.

అక్కడి నుంచి పని మారింది. స్టాప్‌వాచ్ ఒక్కసారిగా మానలేదు, నాలుగు నెలల దాకా అప్పుడప్పుడు తిరిగి వచ్చింది. కానీ నోట్‌బుక్‌లో ఆమె తనంతట తనే నాలుగో గడి గీసింది. దానికి పేరు పెట్టలేదు. అందులో రాసేవి ఇలా ఉండేవి: లెక్కల పరీక్ష ముందు కడుపునొప్పి అనేవాడు. మొదటి జీతంతో అమ్మకు వినికిడి యంత్రం కొన్నాడు. ఫోన్ ఎత్తగానే 'చెప్పక్కా' అంటాడు. 'అంటాడు' అనే రాసింది. నేను దాన్ని దిద్దలేదు.

తల్లి విషయం చివరిదాకా కష్టంగానే నడిచింది. ఆవిడ తట్టుకోలేదని, విమానంలో లోపమని తేలిపోయిందని మొదట్లోనే బంధువులు చెప్పేశారు. టీవీ తీయించేశారు. నివేదిక వచ్చిన రోజు ఆవిడ, "అయితే ఇక రాసేశారా వాడి తప్పు లేదని?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అక్కే కూర్చుని, ఇంకా తెలియదమ్మా అని చెప్పింది. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నుంచి ప్రతి నెలా తనే అడుగుతోంది, తెలిసిందా అని.

నేర్చుకున్నవి

ఇలాంటి కుటుంబం మళ్లీ వస్తే మొదటి గంటలోనే అడుగుతాను: ఫోన్‌లో ఏం వెతుకుతున్నారు, అది చూడకపోతే ఏం జరుగుతుందని అనిపిస్తోంది? ఒకరు కారణం వెతుకుతారు, ఒకరు తమ మనిషి చివరి ఫోటో వెతుకుతారు, ఈమెలా కొందరు కాపలా కాస్తారు. గంటలు ఒకటే అయినా చేయాల్సిన పని వేరు.

బహిరంగంగా ఏదైనా రాయాలని కుటుంబం అనుకుంటే, రాసింది నేను ప్రేమగా చదివితే చాలదు. కోపంతో ఉన్న అపరిచితుడు ఎలా చదువుతాడో అని వాక్యం వాక్యం చదవాలి. డ్యూటీలు, నిద్ర, ఆరోగ్యం, డబ్బు, పెళ్లి గురించిన ప్రతి మాటా దర్యాప్తు అధికారులకే. కుటుంబం తరఫున ఒక్క మనిషి, ఒకే ఒక చిన్న మాట: 'మేం దుఃఖంలో ఉన్నాం, దర్యాప్తుకు సహకరిస్తున్నాం.' అంతకు మించి మొదటి నెలలో ఏదీ వద్దు.

సంప్రదించడానికి ఒక రిటైర్డ్ కెప్టెన్ దొరకడం నా అదృష్టం. ఆయనే నాకు 2008 జనవరిలో లండన్ హీత్రూ విమానాశ్రయం రన్‌వేకు కాస్త ముందు దిగిపోయిన విమానం సంగతి చెప్పారు. ఇంధనంలో ఏర్పడిన మంచు వల్ల రెండు ఇంజిన్లకూ సరఫరా తగ్గిందని 2010లో తుది నివేదిక వచ్చింది. అందరూ బతికారు. అయినా ఆ మధ్యకాలంలో కెప్టెన్ చేతులెత్తేశాడన్న వదంతి తోటి ఉద్యోగుల్లోనే తిరిగింది. బతికి ఉన్న మనిషినే ఆ వదంతి అంత నలిపితే, లేని మనిషి ఇంటివాళ్ల సంగతి వేరే చెప్పాలా? విమానయానం తెలిసినవాళ్ల సలహా లేకుండా ఈ పని ఎవరూ ఒంటరిగా తలకెత్తుకోవద్దని నా తోటి కౌన్సెలర్లను కోరుతున్నాను. ఏ పదానికి ఏ అర్థమో తెలియకుండా ధైర్యం చెప్పబోతే మనం కూడా మూడో గడిలోకే చేరతాం.

ఇక నా వృత్తికి సంబంధించి, తెలియదు అనే మాట. ఆ మాటను నేను ఇప్పటికీ చెప్తాను. కానీ ముందు మనిషి ఒంటరిగా లేదని చూసుకుని, చెప్పాక ఎప్పుడు కలుస్తామో ఖాయం చేసుకుని చెప్తాను. ఆ రోజు ఆ రెండూ చేయలేదు.

పదో నెలలో ఆమె చాలా మామూలుగా అడిగింది: "చివరి రిపోర్టులో వాడి పొరపాటు ఉందని వస్తే మనం ఏం చేస్తాం?" 'మనం' అంది. ఆ రోజు కోసం ఒక కాగితం తయారుచేశాం. ఎవరు పక్కన ఉండాలి, అమ్మకు ఎవరు చెప్పాలి, కొడుకు స్కూలుకు వెళ్లాలా వద్దా, ఫోన్లు ఎవరి దగ్గర ఉండాలి. చివర్న, ఒకవేళ అలాగే వస్తే ఆ రాత్రి తను ఏం చేస్తుందో రాయమన్నాను. 'నాలుగో గడి చదువుకుంటాను' అని రాసింది.

ఏడాదికి తుది నివేదిక రాలేదు. దర్యాప్తు కొనసాగుతోందని రెండు పేజీల మధ్యంతర ప్రకటన వచ్చింది. ఈసారి నా గదికి రాలేదు, ఇంట్లోనే ప్రింట్ తీసుకుని చదివింది. మొదటి గడిలో రెండు లైన్లు చేర్చానని, సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లానని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు రెండు నెలలకోసారి కలుస్తున్నాం. ఆ కాగితం ఒక కాపీ నా ఫైల్లో ఉంది, ఒకటి ఆమె దగ్గర ఉంది.